రెండో తాళం ఎక్కడుంది? రిమోట్ స్టార్టర్ల మోజుతో బీమాకు చిక్కులు

రావులపాలెం (గ్రామీణ విలేకరి): వాకిట్లో కారు నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు. ఇంటాయన కొడుకు అరుగు మీద కూర్చునే జేబులోంచి చిన్న రిమోటు తీసి మీట నొక్కాడు. కారు గుర్రుమని లేచింది. ఏసీ ఆడడం మొదలైంది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

గత సంక్రాంతికి కోనసీమలోని ఒక ఊళ్లో ఈ విలేకరి కళ్లారా చూసిన ముచ్చట ఇది. అందరూ వింతగా చూస్తుంటే పక్కింటి పెద్దాయన ఒక్కడే ఒక ప్రశ్న వేశాడు. "తాళం పెట్టకుండానే లేచింది, బాగానే ఉందిరా అబ్బాయ్. మరి దీని రెండో తాళం ఎక్కడుంది?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. కిట్టు బిగించిన మెకానిక్కు రెండో తాళం అడిగి తీసుకున్నాడట. మళ్లీ ఇవ్వలేదట. "అది లోపలే పెట్టేశాను, దాంతో మీకు పని లేదు" అన్నాడట. ఆ పెద్దాయనకు ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట ఆయన మోటారు సైకిలు పోయింది. అప్పుడు బీమా కంపెనీ వారు ముందుగా అడిగింది రెండు తాళాలూ తెచ్చి ఇమ్మనే. అప్పటి నుంచి ఇంట్లో బండి తాళాలు ఎన్ని, ఎక్కడున్నాయి అనేది ఆయన లెక్క తప్పనివ్వడు.

ఆ ఒక్క ప్రశ్నలోనే ఈ రిమోట్ స్టార్టర్ల వ్యవహారమంతా ఉంది. నాలుగైదు వేల రూపాయల కిట్టు కోసం లక్షల రూపాయల బీమా హక్కును చిక్కుల్లో పడేసుకుంటున్న సంగతి చాలామందికి తెలియదు.

పొలం మోటారు వేరు, కారు వేరు

దూరం నుంచి మీట నొక్కి యంత్రాన్ని నడపడం గోదావరి జిల్లాల రైతులకు కొత్త కాదు. బోరు మోటారుకు సెల్‌ఫోన్ స్టార్టరు పెట్టుకున్నవారు ఊరూరా ఉన్నారు. అర్ధరాత్రి కరెంటు వస్తే చీకట్లో గట్టు వెంట నడిచి వెళ్లే బాధ తప్పింది. పాము భయం తప్పింది. అది నిజంగా మేలు చేసిన పరికరమే.

ఆ అలవాటే కారుకూ బండికీ పాకింది. అయితే రెంటికీ తేడా ఉంది. పొలం మోటారు నేలకు బిగించి ఉంటుంది. అది లేచినా ఉన్నచోటనే తిరుగుతుంది. కారుకు చక్రాలున్నాయి. పొలం మోటారును స్టార్టు చేసినంత మాత్రాన ఎవరూ ఎత్తుకుపోలేరు. కారును స్టార్టు చేయగలిగినవాడు తోలుకుపోగలడు. అందుకే కారు కంపెనీలు స్టార్టు చేసే పని అంత సులువు కాకుండా కాపలా పెట్టాయి. బయట బిగించే కిట్టు చేసే మొదటి పని ఆ కాపలాను తప్పించడమే.

ఈ మోజు మనకు చలి దేశాల నుంచి వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా, పక్కనున్న కెనడా వంటి చోట్ల చలికాలంలో సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పోతుంది. అక్కడ ఇంట్లోంచే కారు స్టార్టు చేసి అద్దాల మీది మంచు కరిగించుకోవడం అవసరం. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు అది చూశారు. ఇక్కడ మనవారు దాన్ని ఎండాకాలం ఏసీకి వాడుకుంటున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని కొత్త కార్లకు ఈ సౌకర్యాన్ని కంపెనీ వారే ఇస్తున్నారు. కంపెనీ ఇచ్చిన దానితో ఇక్కడ పేచీ లేదు. తర్వాత బజార్లో కొని, తీగలు కోసి బిగించే కిట్లతోనే తంటా. మోటారు సైకిళ్లకైతే సెంట్రల్ లాకు, అలారము, స్టార్టు మీట అన్నీ కలిపిన కిట్లు పల్లెల్లో సైతం దొరుకుతున్నాయి.

తాళంలో ఉన్న కిటుకు

ఇప్పటి కారు తాళం ఒట్టి ఇనుప ముక్క కాదు. దాని పిడిలో గింజంత చిప్పు ఉంటుంది. తాళం పెట్టి తిప్పగానే స్టీరింగు దగ్గరున్న తీగచుట్ట ఆ చిప్పును పలకరిస్తుంది. చిప్పు సరైన జవాబు ఇస్తేనే ఇంజనుకు అనుమతి దొరుకుతుంది. అచ్చం అలాంటి ఇనుప తాళమే చేయించి పెట్టినా చిప్పు లేకపోతే ఇంజను లేవదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. ఐరోపా దేశాల్లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి.

బయటి కిట్టుతో కారు లేవాలంటే ఈ కాపలాదారుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. తాళం యజమాని జేబులో ఉంది. అందుకని మెకానిక్కులు పట్టే దగ్గరి దారి ఏమిటంటే, రెండో తాళాన్నో, దానిలోని చిప్పునో తీసి డ్యాష్‌బోర్డు కింద దాచిపెట్టడం. దాని చుట్టూ తీగ చుట్టి కిట్టుకు కలుపుతారు. రిమోటు నొక్కగానే లోపలి చిప్పు జవాబు చెబుతుంది. కాపలాదారు యజమాని వచ్చాడనుకుంటాడు.

అన్ని కిట్లూ ఇలాగే ఉండవు. తాళం దాచే అవసరం లేకుండా కారు కంప్యూటరుతో మాట్లాడే ఖరీదైన పరికరాలు కూడా ఉన్నాయి. అయితే ఖరీదు తగ్గించుకోవాలని చూసేచోట తాళాన్నే దాచేస్తారు. అలా చేసిన కారు తాళం చెవి లోపలే వదిలి తలుపు వేసిన ఇంటితో సమానం. అద్దం పగలగొట్టి, ఎక్కడ చేయి పెట్టాలో తెలిసినవాడికి మిగతా పని సులువు.

ఇమ్మొబిలైజర్ లేని కారు గతి ఏమవుతుందో అమెరికాలో లోకమంతా చూసింది. అక్కడ అమ్మిన కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లకు ఆ పరికరం పెట్టలేదు. 2021, 2022 సంవత్సరాల్లో కుర్రాళ్లు ఆ కిటుకు కనిపెట్టి, వీడియోలు తీసి పంచుకున్నారు. కార్లు వరసపెట్టి పోయాయి. చివరకు 2023 జనవరిలో స్టేట్ ఫార్మ్, ప్రోగ్రెసివ్ అనే రెండు పెద్ద బీమా కంపెనీలు కొన్ని నగరాల్లో ఆ మోడళ్లకు కొత్త పాలసీలు ఇవ్వబోమని చెప్పేశాయి. ఆ తర్వాత కారు కంపెనీలు సాఫ్ట్‌వేరు మార్చుకోవలసి వచ్చింది. బీమా కంపెనీలు ఆ చిన్న చిప్పుకు ఎంత విలువ ఇస్తాయో దీన్ని బట్టి తెలుస్తోంది. అక్కడ కంపెనీ పెట్టని కాపలా అది. ఇక్కడ కంపెనీ పెట్టిన దాన్ని మనమే డబ్బిచ్చి పనికిరాకుండా చేయించుకుంటున్నాము.

మీట నొక్కేది మనమొక్కరమేనా?

రిమోటు గాలిలోకి ఒక సంకేతం పంపుతుంది. చౌక కిట్లలో కొన్ని ప్రతిసారీ అదే సంకేతం పంపుతాయి. అలాంటి దాన్ని ఒక్కసారి పట్టి దాచుకున్నవాడు మళ్లీ ఎప్పుడైనా వాడుకోగలడు. మంచి రిమోట్లలో సంకేతం ప్రతిసారీ మారుతుంది. అలా మారే సంకేతాన్ని కూడా తక్కువ ఖర్చు పరికరంతో ఏమార్చవచ్చని 2015లో అమెరికాలో ఒక పరిశోధకుడు చేసి చూపించాడు. మారని సంకేతం సంగతి ఇక చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోన్ యాప్‌తో నడిచే కిట్లకు ఇంకొక చిక్కు. 2019 మార్చిలో వైపర్, పండోరా అనే పేరున్న అలారముల యాప్‌లలో లోపం ఉన్నట్టు ఇంగ్లండు పరిశోధకులు బయటపెట్టారు. ఇతరుల ఖాతాలోకి చొరబడి కారు ఎక్కడుందో చూడవచ్చని, తలుపు తెరవవచ్చని రుజువు చేశారు. సుమారు 30 లక్షల వాహనాలకు ఆ ప్రమాదం ఉండేదని వారి అంచనా. ఆ కంపెనీలు లోపాన్ని వెంటనే సరిదిద్దాయి. కారు కంపెనీల సొంత యాప్‌లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. అమెరికాలోని కియా కార్లను నంబరు ప్లేటు ఆధారంగా దూరం నుంచి స్టార్టు చేయగల లోపం 2024లో బయటపడింది. దాన్ని ఆ ఏడాదే సరిచేశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పేరున్న కంపెనీ అయితే లోపం తెలిసినప్పుడు దిద్దుతుంది. ఏ ఊరి సరుకో, ఎవరు చేశారో పెట్టె మీద రాయని కిట్టుకు లోపం ఉంటే ఎవరు దిద్దుతారు? బిగించినవాడు దుకాణం ఎత్తేస్తే ఎవరిని అడుగుతాము?

గేరులో ఉన్న కారు

దొంగ సంగతి అలా ఉంచి, ఇంటి వాకిట్లోనే పొంచి ఉన్న ప్రమాదం వేరే ఉంది. మన ఊళ్లలో చాలావరకు గేరు మార్చుకునే కార్లే. కాలువ గట్టు మీదనో, ఏటవాలు మీదనో ఆపినప్పుడు కారు జారకుండా ఒకటో గేరులో వేసి దిగడం డ్రైవర్ల అలవాటు. అది మంచి అలవాటే. కానీ గేరులో ఉన్న కారును రిమోటుతో స్టార్టు చేస్తే అది ముందుకు ఉరుకుతుంది. క్లచ్చి తొక్కితేనే స్టార్టయ్యే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నా, కిట్టు బిగించేటప్పుడు దాన్ని కూడా తప్పించేస్తారు. ముందు ఆడుకుంటున్న పిల్లవాడు ఉండవచ్చు. అవతల కాలువ ఉండవచ్చు.

మూసి ఉన్న షెడ్డులో కారును ఖాళీగా నడిపితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. అమెరికాలో మీటతో స్టార్టయ్యే కార్లను ఇంటి షెడ్డులో ఆపడం మరిచిపోయి 2006 నుంచి 2018 లోపల రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని అక్కడి పత్రికలు లెక్కతేల్చాయి. ఇంటి కింది భాగాన్ని షెడ్డుగా వాడుకుంటూ మేడ మీద నిద్రపోయేవారు ఇది గుర్తుంచుకోవాలి. జేబులో రిమోటు పొరపాటున నొక్కుకుపోతే కారు లేచిన సంగతి పైనున్నవారికి తెలియకపోవచ్చు.

ఇక తీగల మాట. స్టార్టరుకు, ఇగ్నిషనుకు వెళ్లే తీగల్లో కరెంటు ఎక్కువగా పారుతుంది. వాటిని కోసి, మెలిపెట్టి, పైన టేపు చుడితే కొన్నాళ్లకు ఆ అతుకు వదులవుతుంది, వేడెక్కుతుంది. మన సముద్రతీర మండలాల్లో ఉప్పు గాలికి, వానాకాలం చెమ్మకు రాగి తీగ త్వరగా పచ్చబారుతుంది. అక్కడి నుంచి నిప్పు పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. పైగా తీగలు కోసినట్టు కనిపిస్తే కంపెనీ వారు ఆ మేరకు విద్యుత్ భాగాలకు వారంటీ వర్తించదంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో రెండు సెక్షన్లు ఈ వ్యవహారానికి తగులుతాయి. మొదటిది 126వ సెక్షన్. బహిరంగ స్థలంలో బండిని ఆపి ఉంచినప్పుడు లైసెన్సు ఉన్న మనిషి డ్రైవరు సీటులో ఉండాలి. లేదా ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి. అదీ కాకపోతే బండి తనంతట తాను కదలకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. సంత వీధిలో కారు ఆపి, కొట్టులో కూర్చుని రిమోటు నొక్కేవారు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

రెండోది 52వ సెక్షన్. రిజిస్ట్రేషను పుస్తకంలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చరాదని ఇది చెబుతోంది. కంపెనీ రూపకల్పనకు విరుద్ధమైన మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

అంతమాత్రాన రిమోటు పెట్టించుకున్న ప్రతివాడూ నేరస్థుడని అనడం సరికాదు. బండి మౌలిక స్వరూపం మారేలా చేసే మార్పునే చట్టం ప్రధానంగా ఉద్దేశించింది. టేపురికార్డరు పెట్టుకున్నా, సీటు కవర్లు వేసుకున్నా ఎవరూ పట్టుకోరు. స్టార్టు మీట ఆ గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా అనేది వాదనకు తావున్న విషయం. కానీ బీమా లెక్క వేరు. చట్టం తప్పు పట్టనిది కూడా బీమా కంపెనీ తప్పు పట్టగలదు. ఎందుకంటే అది మనకూ కంపెనీకీ మధ్య రాసుకున్న ఒప్పందం.

బీమా ఉందనుకుంటే చాలదు

ముందుగా తెలుసుకోవలసింది మన దగ్గరున్నది ఏ బీమా అనేది. చాలామంది దగ్గర ఉండేది మూడో పక్షం బీమా మాత్రమే. మన బండి ఎవరినైనా గుద్దితే వారికి పరిహారం ఇచ్చే బీమా అది. మన బండి పోయినా, కాలినా దాని కింద ఒక్క పైసా రాదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు 3 ఏళ్లకు, కొత్త మోటారు సైకిలుకు 5 ఏళ్లకు మూడో పక్షం బీమా ఒకేసారి తీసుకోవాలనే నిబంధన వచ్చింది. దాంతో కొన్నవారు "అయిదేళ్ల బీమా ఉంది" అని ధీమాగా ఉంటున్నారు. కాని సొంత నష్టం బీమా సాధారణంగా మొదటి ఏడాదికే ఉంటుంది. దాన్ని ఏటా పొడిగించుకోకపోతే దొంగతనానికి రక్షణ లేనట్టే. పాలసీ కాగితం తీసి "సొంత నష్టం" అనే చోట ఏ తేదీ వరకు ఉందో ఈ రోజే చూసుకోవడం మంచిది.

సొంత నష్టం బీమా ఉన్నా దానిలో షరతులు ఉంటాయి. బండిని నష్టం నుంచి కాపాడుకోవడానికి యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలనేది అందులో ముఖ్యమైనది. ఇమ్మొబిలైజర్‌ను ఏమార్చి, తాళాన్ని కారులోనే దాచిపెట్టినవాడు తగిన జాగ్రత్త తీసుకున్నట్టా, లేనట్టా? కంపెనీ వేసే ప్రశ్న అదే. విద్యుత్ భాగాలు వాటంతటవే పాడైతే బీమా వర్తించదనే షరతు కూడా ఉంది. నిప్పంటుకుని కాలితే వర్తిస్తుంది. అయితే నిప్పు ఎక్కడ పుట్టిందో సర్వేయరు చూస్తాడు. కంపెనీ తీగలకు బయటి తీగలు అతికిన చోట పుట్టిందని తేలితే పేచీ మొదలవుతుంది.

బీమా ఒప్పందం పరస్పర నమ్మకం మీద నిలబడినది. ముఖ్యమైన సంగతులు దాచకుండా చెప్పాలి. గ్యాసు కిట్టు బిగించిన వారందరికీ ఇది తెలుసు. కిట్టు వివరం రిజిస్ట్రేషను పుస్తకంలోనూ, పాలసీలోనూ ఎక్కించుకోవాలి. రిమోటు కిట్టు సంగతి మాత్రం ఎవరూ కంపెనీకి చెప్పడం లేదు. చెప్పుకునే ఏర్పాటు లేక కాదు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లోనే బండితో పాటు రాని ఎలక్ట్రానిక్ సామానుకు దాని విలువలో 4 శాతం అదనంగా కట్టి రక్షణ పొందే పద్ధతి ఉంది. ఆ తర్వాత 2007 నుంచి సొంత నష్టం రేట్లను కంపెనీలకే వదిలిపెట్టారు. పద్ధతి మాత్రం కొనసాగుతోంది. ఆ పాత లెక్కన 6,000 రూపాయల కిట్టుకు అయ్యేది 240 రూపాయలు. అది కట్టడంలో అసలు లాభం ఆరువేల కిట్టు విలువ దక్కడం కాదు. కిట్టు సంగతి కంపెనీకి తెలుసని కాగితం మీద ఉండడం.

బండి పోయిన రోజు

ఎనిమిది లక్షల విలువ కట్టిన కారు ఒకటి తెల్లవారేసరికి వాకిట్లో లేదనుకుందాము. యజమాని పోలీసు స్టేషనుకు వెళతాడు. ఎఫ్ఐఆర్ కడతారు. బీమా కంపెనీకి చెబుతాడు. కంపెనీ ఒక పరిశోధకుడిని పంపుతుంది. కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే చివరి నివేదిక, రిజిస్ట్రేషను పుస్తకం, అప్పుంటే బ్యాంకు కాగితాలు అడుగుతారు. వీటన్నిటితో పాటు రెండు అసలు తాళాలూ అడుగుతారు.

తాళాలు ఎందుకంటే, ఒక తాళం లేదంటే కారు దానితోనే పోయిందేమోనని అనుమానం. యజమానే తాళం కారులో వదిలేశాడేమో, లేక ఎవరికైనా ఇచ్చి పోయిందని చెబుతున్నాడేమో అని శంక. రిమోటు కిట్టు బిగించుకున్నవాడు ఏమని చెప్పాలి? రెండో తాళం కారుతో పాటే పోయింది. నిజం చెబితే "తాళం కారులో పెట్టి వదిలేశావు" అంటారు. ఎక్కడో పారేసుకున్నానంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. బీమా ఫైలులో అబద్ధం తేలితే మొత్తం క్లెయిమే పోతుంది. ఎటు చూసినా ఇరకాటమే.

కోర్టులు ఏమన్నాయి?

అయితే చిన్న లోపం దొరికింది కదా అని మొత్తం ఎగ్గొట్టడానికి కంపెనీలకు కూడా వీలులేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు రైతుకూ, సామాన్యుడికీ పనికివచ్చే మాటలు కొన్ని చెప్పింది.

సొంత కారును బాడుగకు తిప్పుతుండగా ఎత్తుకుపోయిన ఒక కేసులో 2008లో తీర్పు వచ్చింది. దొంగతనానికీ, ఆ షరతు ఉల్లంఘనకూ సంబంధం లేనప్పుడు పూర్తిగా నిరాకరించడం తగదని కోర్టు చెప్పి, 75 శాతం ఇప్పించింది. 2010లో మరో కేసులోనూ అదే పద్ధతి పాటించింది. ట్రాక్టరు పోయిన రోజునే పోలీసులకు చెప్పి, బీమా కంపెనీకి 52 రోజుల తర్వాత చెప్పిన ఒక యజమాని కేసులో 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. పోలీసులకు వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ తోసివేయరాదన్నారు.

మన విషయానికి దగ్గరగా ఉన్నది 2023 నాటి తీర్పు. ఒక లారీ డ్రైవరు దారి అడగడానికి దిగాడు. తాళం లారీలోనే వదిలాడు. వచ్చేసరికి లారీ లేదు. కంపెనీ పూర్తిగా నిరాకరించింది. అజాగ్రత్త ఉన్నా అది మొత్తం ఎగ్గొట్టేంత పెద్ద ఉల్లంఘన కాదని సుప్రీంకోర్టు చెప్పి, 75 శాతం ఇవ్వమంది.

ఈ తీర్పులో ఊరట ఉంది, హెచ్చరిక కూడా ఉంది. తాళం బండిలో వదిలితే పూర్తి సొమ్ము రాలేదు. కొన్ని నిమిషాలు తాళం వదిలిన డ్రైవరు కేసులోనే అలా ఉంటే, ఏళ్ల తరబడి తాళాన్ని కారులోనే తీగలు చుట్టి ఉంచిన యజమాని గురించి కంపెనీ లాయరు ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. ఎనిమిది లక్షల కారుకు 75 శాతం అంటే ఆరు లక్షలు. రెండు లక్షలు పోయినట్టే. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. ఆ లెక్కన రెండు లక్షలంటే 75 కిలోల బస్తాలు 112 పైమాటే. అదీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన తర్వాత.

చేయవలసినవి

ఏసీ కోసమే అయితే ఈ తంటా అక్కరలేదు. కారు ఎక్కే ముందు అయిదు నిమిషాలు నాలుగు తలుపులూ తీసి ఉంచితే లోపలి వేడి చాలావరకు పోతుంది. చెట్టు నీడన ఆపితే ఇంకా మేలు. రిమోటు స్టార్టు తప్పనిసరిగా కావాలనుకుంటే కారు కొనేటప్పుడే కంపెనీ ఇచ్చే మోడలు తీసుకోవాలి.

ఇప్పటికే కిట్టు బిగించుకున్నవారు ముందుగా రెండో తాళం సంగతి తేల్చుకోవాలి. మెకానిక్కు దగ్గరకు వెళ్లి, తాళం గాని, చిప్పు గాని లోపల ఉంటే తీయించాలి. తాళాన్ని ఇంట్లో, పాలసీ కాగితాలతో పాటు భద్రపరచాలి. తీగలను కంపెనీ సర్వీసు కేంద్రంలో చూపించుకోవాలి. కిట్టు ఉంచుకోదలచుకుంటే బిల్లు తీసుకుని, బీమా కంపెనీకి ఉత్తరం రాసి, అందినట్టు సంతకం వేయించుకున్న నకలు దాచుకోవాలి. ఏజెంటుకు నోటిమాటగా చెప్పడం చెప్పినట్టు కాదు.

"సెక్యూరిటీ సిస్టం" అని అమ్మే కిట్టుకు ఏఆర్ఏఐ అనే సంస్థ ఆమోదం ఉందేమో అడగాలి. ఆ ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరానికి పాత టారిఫ్‌లో సొంత నష్టం ప్రీమియంపై 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు ఉండేది. బీమా కంపెనీ గుర్తించే భద్రత అది. పెట్టె మీద తాళం బొమ్మ ఉన్నంత మాత్రాన భద్రత కాదు.

పాత కారు కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండు తాళాలూ చేతికి వచ్చేవరకు బేరం పూర్తి చేయరాదు. ఒకటే ఉందంటే రెండోది ఏమైందో అడగాలి. డ్యాష్‌బోర్డు కింద ఒకసారి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. పాత యజమాని రిమోటు ఇంకా ఎక్కడైనా ఉందేమో తెలియదు కదా.

బండి పోతే వెంటనే 112కు ఫోను చేసి, ఆ రోజే ఎఫ్ఐఆర్ కట్టించాలి. బీమా కంపెనీకి కూడా ఆ రోజే చెప్పాలి. కిట్టు సంగతి దాచరాదు. కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే ముందుగా ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ కార్యాలయం పరిధిలోనివే. రుసుము లేదు, లాయరు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంటుంది.

బాధ్యత ఒక్క యజమానిదే కాదు. కిట్టు బిగించేవాడు ఏ తీగ కోశాడో, తాళం ఏం చేశాడో బిల్లు మీద రాసి ఇవ్వాలి. బీమా కంపెనీలు పాలసీ పొడిగించేటప్పుడు "బండికి బయట ఏమైనా బిగించారా" అని తెలుగులో ఒక ప్రశ్న అడిగితే సగం తగాదాలు రావు. రవాణా శాఖ వారు డ్రైవర్లకు చెప్పే జాగ్రత్తల్లో గేరు, రిమోటు మాట కూడా చేర్చవలసి ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఈ పత్రిక మడిచి పక్కన పెట్టేముందు బీరువా తీసి చూసుకోండి. బండి రెండో తాళం అక్కడుంటే సంతోషం. లేకపోతే అది ఎక్కడుందో కనుక్కోవలసింది ఈ రోజే.